ముసలమ్మది ఏ గ్రూపు?

సాయంత్రం ఆరు దాటింది. గిడ్డంగుల కంపెనీ సర్వర్ గదిలో ఒక్కడే ఉన్న ఇంజనీరుకి, ఆ సర్వర్లను ఇంట్లో కూర్చునే కనిపెట్టి ఉంటూ, అలారం వస్తే అతనికి ఫోన్లో చెప్పే డెస్కు ఆవిడ ఫోన్ చేసింది. ఇద్దరూ ఏనాడూ ఒకరినొకరు చూసుకోలేదు.

"…అంటే సార్, ఇకమీదట ఒక్కోదానికీ ఒక్కో రూలు ఉండదు. సర్వర్లన్నిటినీ గ్రూపులు చేసేశారు. గ్రూపుకి ఒక పాలసీ. అందులో ఉన్నవన్నీ దాని మాటే వినాలి."

"అన్నిటినీ ఒకే గాటన కట్టేశారన్నమాట."

"ఒకే గాటన కాదు సార్, నాలుగు. జీతాలవి ఒక గ్రూపు, సరుకు లెక్కలవి ఒకటి, కెమెరాలవి ఒకటి, బ్యాకప్‌లవి ఒకటి. చదువుతాను, మీరు సరేనంటే చాలు."

"చదవండి. నెమ్మదిగా చదవండి. నాకేం తొందర లేదు."

"ఇంటికెళ్ళరా?"

"వెళ్తాను. వెళ్ళకేం… ఆ చప్పుడేంటి?"

"మా బావగారు టీవీ పెట్టారు. ఉండండి, తలుపేసొస్తా… ఆఁ, ఇప్పుడు చెప్పండి."

"చెప్పాల్సింది మీరండీ."

"అవును కదూ. జీతాల గ్రూపు. ఏ కాస్త తేడా వచ్చినా వెంటనే అలారం."

"సరే. జీతాలు ఆగితే నన్ను బతకనిస్తారా?"

"సరుకు లెక్కలవి. డిస్కు తొంభై శాతం నిండితేనే అలారం. ఈలోపు కుయ్యిమనడానికి వీల్లేదు."

"కుయ్యిమనకూడదని పాలసీలో రాశారా?"

"మీరు మరీను సార్!"

"నవ్వారు."

"ఏంటి?"

"ఏం లేదు. కెమెరాలు?"

"అవి ఆగితే కాపలావాళ్ళకి మెసేజి. మీకు రాదు."

"నాకు రాదా?"

"మీకెందుకు సార్? ఎవరి గ్రూపు గొడవ వాళ్ళకే."

"మరి ఫోన్ చేసి చెప్పేది…?"

"ఎవరూ చెయ్యరు సార్. అదే చెబుదామని… రేపట్నుంచి ఏదైనా పాడైతే మెసేజి దానంతటదే వస్తుంది. మధ్యలో డెస్కు ఉండదు."

"ఉండదంటే?"

"తీసేశారు."

"మిమ్మల్నా?"

"నన్ను కాదు, డెస్కుని. నన్ను బిల్లుల పనిలోకి మార్చారు. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. హాయి."

"హాయా?"

"హాయే సార్. గొంతు నొప్పుండదు. ఇంట్లోనూ అంతేగా. అక్కావాళ్ళింట్లో ఉంటున్నా. 'తిన్నావా' అంటారు, 'తిన్నా' అంటాను. ఆ పూటకి మాటలు అయిపోతాయి… సార్? ఉన్నారా?"

"ఉన్నా. ఎక్కడికి పోతాను? ఈ గదిలో ఒకప్పుడు ఆరుగురం ఉండేవాళ్ళమండీ. కుర్చీల కోసం కొట్టుకునేవాళ్ళం. ఒక్కొక్కరినీ వేరే చోట్లకి పంపించేశారు. ఇప్పుడు కుర్చీలన్నీ నావే. రోజుకొకదాంట్లో కూర్చుంటా."

"ఇవాళ ఎందులో?"

"కిటికీ పక్కది. కిటికీ బయట గోడ… మరి ముసలమ్మది ఏ గ్రూపు?"

"మూల ఉన్న పాత సర్వరేనా? దాని దగ్గరికి వస్తా సార్. ముందు బ్యాకప్‌లు…"

"దాని పేరు ఎక్కడా చదవలేదు మీరు."

"వస్తానంటున్నాగా."

"దాన్ని గ్రూపులో వెయ్యకండి."

"ఎందుకు?"

"అది పాతది. దాని తత్వం వేరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి."

"దాంట్లో ఏముంది సార్? ఎప్పుడో మూసేసిన గిడ్డంగి లెక్కలు. అది నిండితే ఎంత, నిండకపోతే ఎంత?"

"అయినా సరే. దాని రూలు దానికి ఉండనివ్వండి."

"ఆ రూలు ఎవరు పెట్టారు సార్? డిస్కు ముప్ఫై శాతం దాటితే అలారం అని! లోకంలో ఎవరైనా ముప్ఫైకి పెడతారా? సాయంత్రం బ్యాకప్ మొదలవగానే దాటుతుంది, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. రోజూ ఇదే తంతు."

"యంత్రం కదండీ, ఏదో…"

"యంత్రం తనకి తాను రూలు పెట్టుకోదు."

"మీరు డెస్కు మనిషా, పోలీసా?"

"ఊరికే అడిగాను. చెప్పకపోయినా పర్లేదు…"

"నేనే పెట్టాను."

"మీరా? ఎందుకు సార్?"

"సాయంత్రమయ్యేసరికి అమ్మ ఫోన్ చేసేది. 'ఎప్పుడొస్తావురా, గొళ్ళెం వెయ్యనా వద్దా' అని. అమ్మ పోయాక కూడా ఆ వేళకి ఫోన్ చూసుకోవడం పోలేదు. మోగదని తెలుసు. అయినా చూస్తాను. అలాంటప్పుడు ఒకరోజు నిజంగానే మోగింది. ఈ పాత సర్వర్ నిండిపోయి మీరు చేశారు. 'సార్, మీరు తిన్నారో లేదో కానీ మీ ముసలమ్మ మాత్రం మెడదాకా తిని కూర్చుంది' అన్నారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఇంటికెళ్ళేదాకా నవ్వుకున్నాను. ఖాళీ ఇంట్లోకి నవ్వుకుంటూ వెళ్ళడం అదే మొదలు. మర్నాడే ముప్ఫైకి దించేశాను."

"రోజూ 'చూశాను మేడమ్, తగ్గింది' అనేవారు. ఏం చూసేవారు?"

"ఏమీ చూసేవాణ్ణి కాదు. దొంగ అలారం అని నాకు తెలుసుగా. కుర్చీలోంచి లేస్తే ఒట్టు. మీరు ఎండ గురించో వాన గురించో నాలుగు మాటలు చెప్పేవారు. అంతే. పైవాళ్ళకి చెప్పాలంటే చెప్పండి."

"చెప్పను."

"అయితే ఆ ఒక్కదాన్నీ బయట ఉంచండి. మీరు కాకపోయినా, ఆ వేళకి ఉత్త మెసేజైనా వస్తుంది."

"కుదరదు సార్."

"ఒక్కటేనండీ! మిగతావన్నీ మీ ఇష్టమొచ్చిన గాటన కట్టుకోండి."

"అది కాదు సార్. ఇప్పుడు బయట ఉంచడానికేం లేదు. అన్నిటికంటే ముందు దాన్నే మార్చారు. పోయిన నెల్లోనే బ్యాకప్‌ల గ్రూపులోకి వెళ్ళిపోయింది. గ్రూపు పాలసీ వచ్చాక మీ ముప్ఫై చెల్లదు. తొంభై దాటితేనే మోగుతుంది."

"పోయిన నెల్లోనా? అదేంటండీ? నిన్న చేశారుగా! మొన్నా చేశారు. 'ముసలమ్మ మళ్ళీ మొదలెట్టింది సార్' అన్నారు."

"అన్నాను."

"ఈ మధ్య వేరే నంబరు నుంచి కూడా వస్తోంది. అడిగితే డెస్కు లైను బాలేదన్నారు."

"బాగానే ఉంది సార్. అలారం రాకుండా ఆ లైను వాడనివ్వరు."

"మరి ముసలమ్మ…?"

"నెల్లాళ్ళుగా అది నోరే విప్పలేదు సార్. నేనే చేస్తున్నాను, నా ఫోన్లోంచి."