మూడో కూత జారలేదు

నా పేరూ చిరునామా పైన రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. కోల్డ్ స్టోరేజీలో పదహారేళ్లుగా ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. అక్కడ నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ నేను "కీబోర్డు"ని. జరిగింది ఈ స్టేషన్లో ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. ఇది నాలుగోసారి. నిద్ర లేదు కనుక మెల్లగా చెబుతాను.

నా దగ్గర పాత సింథసైజర్ ఒకటి ఉంది, కరెంటుతో మోగే కీబోర్డు. నాకన్నా రెండేళ్లే చిన్నది. దానితోనూ ఒక డ్రమ్ మెషీన్‌తోనూ పాతకాలపు డిస్కో బాణీలు కట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతాను. మా పనివాళ్ల ఫోన్ గ్రూపులోకి కూడా పంపుతాను. అవి స్పీకర్లో వినిపిస్తుంటే పెట్టెలు సర్దే చేతులు చురుగ్గా ఆడతాయని వాళ్లే అడిగి తీసుకునేవారు.

మా చల్లగదులు అమ్మోనియాతో నడుస్తాయి. అది కారితే గేటు దగ్గర గార్డు మీట నొక్కాలి, సైరన్ మోగుతుంది. ప్రతి నెలా మొదటి సోమవారం ఉదయం పదింటికి దాన్ని పరీక్షిస్తారు. ఆ కూత నాకు ఇష్టం. ఒక్కో కూత నాలుగు సెకన్లు, మధ్యలో విరామం లేదు. మార్చి నెలలో పదకొండు రోజులు కూర్చుని సింథసైజర్‌లో అచ్చం అలాంటిదే పుట్టించి ఒక పాట మొదట్లో పెట్టాను.

మొదటిసారి వేసినప్పుడు అందరూ బయటికి పరుగెత్తారు. తర్వాత పొట్టలు పట్టుకుని నవ్వారు. మా అక్క భర్త అక్కడే లోడింగ్ పనిచేస్తాడు. "గుండె ఆగినంత పనైంది కదరా, నీ పాట తగలెయ్య!" అని బావ నా వీపు మీద ఒక్కటిచ్చాడు. వారం తిరిగేసరికి ఎవరూ పరుగెత్తడం లేదు. బావ దాన్నే రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు.

గార్డు ఒకరోజు పెట్టెలు సర్దే హాల్లోకి వచ్చాడు. "బాబూ, ఆ కూత ఒక్కటీ తీసెయ్. అది ఆడుకునేది కాదు" అన్నాడు.

"ఇన్నాళ్లకి మీ సైరన్‌కి పేరొచ్చింది, సంతోషించండి గార్డుగారూ" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను తీయలేదు.

మొన్న మంగళవారం ఉదయం పదకొండు నలభైకి నేను స్విచ్ బోర్డు గదిలో ఫ్యూజు మారుస్తున్నాను. కూత మొదలైంది. పక్క హాల్లో నా పాట వేశారనుకున్నాను. హాల్లో ఎవరో ఈల కూడా వేశారు.

ఇక్కడ ఒక సంగతి రాసుకోండి. నా సింథసైజర్ వేడెక్కితే శ్రుతి నిలవదు. పాటలో మూడో కూత వెంట్రుకవాసి కిందికి జారుతుంది. అది ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు మూడో కూత జారలేదు. నాలుగోదీ జారలేదు. తొమ్మిదో కూత అయ్యాక ఘాటు ముక్కుకు తగిలింది. అప్పుడు హాల్లోకి పరుగెత్తి, "ఇది నాది కాదు! నాది కాదురా, బయటికి పదండి!" అని అరిచాను. ఒకడు ఇంకా నడుం ఊపుతూనే ఉన్నాడు.

హాల్లో వాళ్లు బయటపడ్డారు. బావ రెండో నంబరు చల్లగదిలో లోపలివైపు ఉన్నాడు. తలుపుకు నాలుగడుగుల దూరంలో పడిపోయాడు. తలుపు తెరిచే ఉంది. ఇప్పుడు ఆయన గొంతులో గొట్టం ఉంది, కళ్లకు కట్టు ఉంది. చూపు సంగతి డాక్టరు ఏమీ తేల్చి చెప్పడం లేదు.

సైరన్ మోగలేదు, కీబోర్డు పాటే మోగింది అని పన్నెండుమంది మీకు చెప్పారు. వాళ్లు అబద్ధమాడలేదు, వాళ్లకు అలాగే వినిపించింది. మీట నొక్కినట్టు ఎక్కడా నమోదు కాదు కనుక మీరు గార్డును తెచ్చి లోపల కూర్చోబెట్టారు. ఆయన నొక్కాడు. నేను విన్నాను.

ఈ పొద్దున ఆస్పత్రి వరండాలో అక్క నా చెయ్యి పట్టుకుంది. "అందరూ గార్డు నొక్కలేదనే అంటున్నారుగా, నువ్వూ అదే అనరా. నొక్కాడంటే తప్పంతా నీ పాట మీదికొస్తుంది. మీ బావేమో అలా పడున్నాడు. నువ్వు కూడా లోపలికి పోతే నేనెవరి మొహం చూసి బతకాలి?" అంది. సరే అన్నట్టు తలూపి వచ్చాను.

ఇంతకుముందు మూడుసార్లు చెప్పినప్పుడు, ఘాటు తగిలాకే నాకు తెలిసిందన్నాను. అది నిజం కాదు. మూడో కూత ముగిసేసరికే అది అసలు సైరన్ అని నాకు తెలుసు. మూడోదానికీ తొమ్మిదోదానికీ మధ్య ఏం చేశావని ఇప్పుడు మీరు అడిగారు. ఫ్యూజు చేతిలో పట్టుకుని ఇరవై నాలుగు సెకన్లు నిలబడ్డాను. విన్నాను. ఎందుకని అడిగారు. నేను కట్టినదీ అదీ ఎంత బాగా కలిశాయో చూసుకుంటున్నాను. సిగ్గుగా ఉంది, కానీ అంతే. ఇంకే కారణమూ లేదు.

అక్క బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఈ కాగితం ఆమెకు మీరు చదివి వినిపించవద్దు. నేనే చెప్పుకుంటాను.

పై మాటలన్నీ నావే, ఎవరి బలవంతమూ లేదు. రాసింది నాకు చదివి వినిపించారు. ఒకచోట "కొద్ది క్షణాలు" అని ఉంటే కొట్టివేయించి "ఇరవై నాలుగు సెకన్లు నిలబడ్డాను" అని రాయించాను. మిగతాది సరిగ్గానే ఉంది.

(సంతకం)