చిల్లుల చొక్కా చదివిన ఏనుగు

మునిచంద్ర కవితాసంపుటి అచ్చయి నెల అయింది. పుంగనూరు మాత్రం మామూలుగానే ఉంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, మునిచంద్రకు తప్ప.

కవితల కింద అతను 'సంచారి' అని రాసుకుంటాడు. ఆ సంచారమంతా పుంగనూరు బస్టాండుకూ మదనపల్లె బస్టాండుకూ మధ్యనే. ఉద్యోగం కవిని చంపేస్తుందని అతని నమ్మకం. అందుకని దొరికిన ఉద్యోగాలన్నిటినీ తానే ముందుగా చంపేశాడు. జుట్టు భుజాల మీదికి, గడ్డం గుండెల మీదికి, సంచీ మోకాళ్ల మీదికి వేలాడుతుంటాయి. పుస్తకం పేరు 'చిల్లుల చొక్కా'. మదనపల్లెలో పెళ్లిపత్రికలు వేసే ఒక చిన్న ప్రెస్సులో, పెళ్లిళ్లు లేని ఆషాఢం చూసి అచ్చు వేయించాడు.

ఆ సాయంత్రం బస్టాండు ఎదురుగా ఖాసిం టీ అంగడి బెంచీ మీద మునిచంద్ర, పక్కన టమాటా రైతు శ్రీరాములు కూర్చుని ఉన్నారు. కొంచెం ఎడంగా ప్లాస్టిక్ కుర్చీలో జయమ్మ టీచరు. హైస్కూల్లో మునిచంద్రకు తెలుగు చెప్పింది ఆమే. మొదటి కాపీ ఆమెకే ఇచ్చాడు. అప్పటినుంచీ ఆమె రోజూ ఈ అంగట్లో కనబడుతూనే ఉంది. మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది, పాల ధర గురించి చెప్పింది, పుస్తకం గురించి మాత్రం నోరు మెదపలేదు. కవి అడగకూడదు, లోకమే చెప్పాలి అన్నది మునిచంద్ర నియమం. ఆమె మంచో చెడో ఒక్క మాట అంటుందేమోనని నెలగా అతనికి సరిగ్గా నిద్ర లేదు. అందుకని లోకం ఏమంటోందో ఆమె చెవిన పడేటట్టు ఖాసింకు చెప్పడం మొదలుపెట్టాడు.

"నిన్న మదనపల్లె నుంచి ఒక విమర్శకుడు ఫోన్ చేసినాడు భాయ్. 'చిల్లుల చొక్కా' కవిత సదివి కండ్లలో నీళ్లు తిరిగినాయంట."

"ఉల్లిగడ్డలు కోస్తాండాడేమో," అన్నాడు ఖాసిం, పాలు తిరగబోస్తూ.

జయమ్మ తల ఎత్తలేదు. పేపర్లో గళ్లనుడికట్టు నింపుకుంటోంది. కళ్లలో నీళ్లు చాలలేదని మునిచంద్రకు అర్థమైంది.

"నీళ్లంటే అట్లాంటిట్లాంటి నీళ్లు గాదు. తువ్వాలు తడిసిపోయిందంట. ఆ మనిషి ఇంట్లో ఉండలేక, పుస్తకం ఎత్తుకొని నేరుగా టమాటా యార్డుకు పోయినాడు. ఆడ వేలంపాట జరగతాండాది. అరుగెక్కి కవిత సదివినాడు. పాటోడు నోరు మూసేసినాడు. మండీవోళ్లు, హమాలీలు, లారీ డ్రైవర్లు, ఎక్కడోళ్లు అక్కడే నిలబడిపోయినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా శ్రీరాములన్నా? బాక్సుల్లో టమాటాలు ఉండాయే, అవి కన్నీళ్లు పెట్టుకున్నాయి!"

"దాన్ని కుళ్లేదంటారప్పా," అన్నాడు శ్రీరాములు. "రెండు దినాలు లారీ రాకుంటే మా ఇంట్లో గూడా పెట్టుకుంటాయి."

జయమ్మ ఒక గడిలో అక్షరం కొట్టేసి ఇంకోటి రాసింది. మునిచంద్ర బెంచీ అంచుకు జరిగాడు.

"యార్డు సంగతి వదిలెయ్. కుప్పంలో జరిగింది మీకు తెలీదు. నేను బెంగుళూరు రైలెక్కి, కిటికీ పక్కన కూసోని, నాలో నేను సన్నగా ఆ కవితే సదువుకుంటాండాను. ఎదురు సీటాయన విన్నాడు. వాని పక్కనామె వినింది. పెట్టె నుంచి పెట్టెకు పాకి ఇంజన్లో డ్రైవరు దాకా పోయింది. రైలు ఆగిపోయింది! సిగ్నలు పచ్చగా ఉండాది, రైలు మాత్రం కదల్లేదు. తమిళోళ్లు, కన్నడమోళ్లు, మనోళ్లు, మూడు బాసల్లో ఏడ్చినారు."

"మూడు బాసల్లో ఏమని ఏడ్చినారు భాయ్?" అన్నాడు ఖాసిం.

మునిచంద్ర రవ్వంత ఆలోచించాడు. "అందరూ 'అయ్యో' అనే అన్నారులే. కానీ యాస వేరే."

"కవిత విన్నందుకా, రైలు లేటయినందుకా?" అన్నాడు శ్రీరాములు.

కుర్చీలో మనిషి కదిలింది. మునిచంద్ర గుండె కూడా కదిలింది. ఆమె కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ పేపర్లో పడింది. ఇక మనుషులతో పని జరగదని అతను తేల్చుకున్నాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు, రామకుప్పం ఒక ఎత్తు! అడివిలోనుంచి ఏనుగుల మంద దిగి రాగిచేన్ల మీద పడింది. టపాసులు కాల్చినారు, డప్పులు కొట్టినారు, ఊహూఁ. రైతులంతా నా కాళ్ల మీద పడి, సామీ నువ్వే దిక్కన్నారు. నేను గట్టు మీద నిలబడి 'చిల్లుల చొక్కా' మొదలుపెట్టినా. మొదటి లైనుకు చెవులు ఊపేది ఆపినాయి. రెండో లైనుకు నోట్లో రాగి నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద ఏనుగు, అబ్బో, దంతాలు ఈ అంగడి పందిరంత ఉండాయి, అది మెల్లిగా నా దగ్గరికొచ్చి, తొండంతో పుస్తకం తీసుకొని, ఒక్కో పేజీ తిప్పుకుంటా 'చిల్లుల చొక్కా' కాడికొచ్చి నిలబడిపోయింది. మొత్తం సదివి, పుస్తకం నా చేతికిచ్చి, మందను తోలుకొని అడివిలోకి పోయింది. ఇప్పుడు ఆడ కంచెకు కరెంటు తీసేసినారు. నా పుస్తకాలే వరసగా కట్టినారు!"

"ఏమీ అనకుండానే పోయిందా?" అన్నాడు ఖాసిం.

"ఒక్కటే అనింది. ముందుమాట రవ్వంత పొడుగైందంట."

శ్రీరాములు టీ గొంతులో అడ్డం పడింది. అప్పుడు జయమ్మ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మునిచంద్రా."

"మేడం!" అని అతను లేచి నిలబడ్డాడు, తొమ్మిదో తరగతిలో లేచినట్టే.

"ఆ కవిత సదివేటప్పుడు ఏనుగు కాళ్ల మీద నిలబడిందా, తల మీద నిలబడిందా?"

"అంటే... ఏంది మేడం?"

"నడిమి పేజీలన్నీ తలకిందులుగా కుట్టినారు గదరా. 'చిల్లుల చొక్కా' వాటిల్లోనే ఉండాది. నేను పుస్తకాన్ని తిప్పి పట్టుకొని సదివినా. మదనపల్లె ఆయన ఫోన్లో ఈ మాట అనలేదా? రైల్లో ఎదురు సీటాయన గూడా చూడలేదా?"

మునిచంద్ర సంచీలోనుంచి తన కాపీ తీశాడు. నెలగా ఆ పుస్తకాన్ని వాసన చూశాడు, తల కింద పెట్టుకొని పడుకున్నాడు, ఊరంతా పంచాడు. తెరవడం ఒక్కటే తక్కువ. ఇప్పుడు తెరిచాడు. అక్షరాలు నిజంగానే కాళ్లు పైకెత్తుకొని ఉన్నాయి.

"నా పుస్తకంలో సరిగానే ఉండాదే," అన్నాడు శ్రీరాములు, ఎవరూ అడగకుండానే.

"సరిగానే ఉంటాది, నీ ఇంట్లో మంచం కోడు కింద," అన్నాడు ఖాసిం. "నిన్న నేనొచ్చినప్పుడు మంచం ఊగనే లేదు."

బెంచీ ఊగేటట్టు నవ్వారు. మునిచంద్ర ఒక్కడే నవ్వలేదు. అతనికి ఏనుగు పోయిన బాధ కూడా లేదు. మెల్లిగా జయమ్మ కుర్చీ దగ్గరికి వెళ్లాడు.

"తిప్పి పట్టుకొని... అంతా సదివినారా మేడం?"

"అందుకే ఇన్ని దినాలు పట్టింది. ఒకసారి సదివి ఏం చెప్పేది? మళ్లీ సదివినా." ఆమె అతని చేతిలోని పుస్తకం వైపు వేలు చూపింది. "'చిల్లుల చొక్కా' మంచి కవితరా. చొక్కా ఉతికి, ఆరేదాకా గదిలో తలుపేసుకొని కూర్చుంటావే, ఆడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టినా. రెండో చరణం కొట్టెయ్. లోకమంతా నా చొక్కానే అంటావు ఆడ. అవి ఉత్త కోతలు."

మునిచంద్ర బెంచీ మీదికి వచ్చి, పుస్తకం తలకిందులు చేసి, తన కవితను తానే ఒక్కో లైనూ చదువుకున్నాడు. రెండో చరణం రెండుసార్లు చదివి, చెయ్యి చాచి ఖాసింను పెన్ను అడిగాడు.

శ్రీరాములుకు మంచం కోడు మంట ఇంకా తగ్గలేదు.

"ఏమప్పా, ముందుమాట గురించి అంత చెప్పిన ఏనుగు, రెండో చరణం గురించి ఒక్క మాటన్నా అనలేదా?"

"దానికి మొహమాటం ఎక్కువన్నా," అన్నాడు మునిచంద్ర, తల ఎత్తకుండా గీత గీస్తూ.