మైదానానికి వీపు

కరోనా ఏడాది సెప్టెంబరు అది. మూతపడ్డ ఫుట్‌బాల్ స్టేడియాల్లోకి కొద్దిమందిని, అదీ సవాలక్ష షరతులతో, మళ్ళీ రానిస్తున్న రోజులు. జర్మనీలోని రూర్ లోయలో పాత బొగ్గుగని కార్మికుల వీధి. మొదటి అంతస్తు కిటికీలో ముసలి లోథార్ మోచేతుల కింద దిండు వేసుకుని కూర్చున్నాడు. కింద కాలిబాట మీద, ఊరి జట్టు అభిమానుల్ని ముప్పై ఏళ్ళుగా మ్యాచుల్లో పాడిస్తున్న హార్ట్‌విగ్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని తలెత్తి నిలబడ్డాడు.

"తలుపు తియ్యి బాబాయ్, పైకొచ్చి మాట్లాడతానంటున్నానుగా."

"పైకి రావద్దంటున్నానుగా. అక్కణ్ణుంచే చెప్పు. మెగాఫోన్ లేకపోయినా నీ గొంతు మూడు వీధులకి వినిపిస్తుంది."

"మూడు వీధులు వినాల్సిన సంగతి కాదు."

"అయితే మెల్లగా చెప్పు. బొగ్గుదుమ్ముకి పోయినవి నా ఊపిరితిత్తులు, చెవులు కాదు."

"నిన్న సాయంత్రం మన గుంపువాళ్ళం కూర్చున్నాం."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, బీరు కొట్టు కింద మన సెల్లార్‌లో."

"అంతమందీ ఆ ఎలుక బొరియలోనా? దానికి కిటికీ అన్నా లేదు కదరా."

"తలుపేసుకున్నాం, ఎవరు చూస్తారు! అసలు సంగతి అది కాదు బాబాయ్."

"నన్ను పిలవలేదే?"

"నీ సంగతి మాట్లాడ్డానికే కూర్చున్నాం. నిన్నెలా పిలుస్తాం?"

"ఓహో. ఏం చేశానట?"

"నన్నెందుకు ఇరుకున పెడతావ్? నీకు తెలుసు."

"తెలియదు. చెప్పు."

"శనివారం మ్యాచ్‌కి నీ టికెట్ మీద మనిషి లోపలికెళ్ళాడు. గేటు మిషన్లలో ఎక్కిన పేర్లు చూసే బెర్న్‌వార్డ్ చెప్పాడు. పేరు నీది, వరుస నీది, సీటు నీది."

"వెళ్ళింది నేనేననుకున్నారా?"

"మరి టికెట్ నీదేగా."

"టికెట్ నాదే. కాళ్ళెవరివి?"

"బాబాయ్..."

"ఒరేయ్ హార్ట్‌విగ్, ఈ మెట్లు దిగి రొట్టె తెచ్చుకోవాలంటే నేను దారిలో రెండుచోట్ల కూలబడతాను. నేను స్టేడియం మెట్లెక్కానా? సెల్లార్‌లో ఒక్కడికన్నా అనుమానం రాలేదా?"

"గట్టిగా అరవకు. దగ్గొస్తుంది."

"వస్తే రానీ. ఆ టికెట్ నేనెవరి చేతిలో పెట్టాను?"

"అదీ..."

"ఎవరి చేతిలో పెట్టాను?"

"నా చేతిలోనే. నేను క్లబ్బు ఆఫీసులో ఇచ్చేశాను. డైరెక్టర్ బల్ల మీద పడేసి, 'వెళితే అందరం, లేదంటే ఎవ్వరం వెళ్ళం' అని మొహం మీద చెప్పి మరీ వచ్చాను. ఆ తర్వాత వాళ్ళెవరికిచ్చుకున్నారో నాకేం తెలుసు?"

"ఆ మాట నిన్న సెల్లార్‌లో చెప్పావా?"

"ఏ మాట?"

"లోథార్ టికెట్ నాకిచ్చాడు, నేను ఆఫీసులో ఇచ్చేశాను అని."

"సందర్భం రాలేదు."

"నన్ను వెలివేస్తుంటే సందర్భం రాలేదా?"

"వెలివేయడమేంటి బాబాయ్, అంత పెద్ద మాట! వసంతం దాకా పక్కన పెట్టాం, అంతే."

"వసంతం దాకానా! డాక్టర్ నాకు ఈ చలికాలానికే హామీ ఇవ్వలేదురా. ఆ సంగతి నీకు తెలుసు. టికెట్ల లాటరీలో నా పేరొచ్చిన రోజు మొదట ఫోన్ చేసింది నీకే. ముసలివాళ్ళు, రోగిష్టివాళ్ళు ఇంట్లో ఉంటే మంచిదని క్లబ్బువాళ్ళు చెప్పినా, పోతే పోయాను, ఒక్కసారి ఆ గడ్డి చూసి పోతానన్నాను. నువ్వేమన్నావు?"

"ఇప్పుడేం గుర్తుంటుంది..."

"నాకు గుర్తుంది. 'బాబాయ్, నువ్వే వెళితే ఇంక మేమెవర్ని చూసి ఆగాలి' అన్నావు. మనిషికో మూల కూర్చోబెట్టి, పాడకూడదు, నిలబడకూడదు, బీరు తాగకూడదు అంటే అది మ్యాచ్ కాదు, చావింటి ప్రార్థన అన్నావు. ఆ సాయంత్రమే అందర్నీ పిలిచి, మనలో ఒక్కడు బయట మిగిలినా ఎవ్వరం లోపలికి పోవద్దని ఒట్టు వేయించావు. నేను ఏడ్చాను. ఏడ్చి, మర్నాడు టికెట్ నీ చేతిలో పెట్టాను."

"ఆ రోజు అందరం ఏడ్చాం."

"నిన్న చేతులెవరెత్తారు?"

"దేనికి?"

"నన్ను పక్కన పెట్టడానికి."

"అందరూ."

"నువ్వు?"

"నాయకుణ్ణి బాబాయ్. నేనెత్తకపోతే బాగుంటుందా?"

"ముందెత్తావా, వెనకెత్తావా?"

"ముందే."

"డోలు వాయించే గుడ్రున్ కూడా ఎత్తిందా? కర్ర పట్టుకోవడం నేర్పాను దానికి."

"ఏడుస్తూ ఎత్తింది. నేనే దగ్గరికి తీసుకుని ఓదార్చాను. అడక్కు బాబాయ్, ఇంకేం అడక్కు. మన గుంపు బ్యానర్ ఇచ్చెయ్యి, వెళ్ళిపోతాను. తెమ్మని పంపారు."

"బ్యానర్ కూడానా."

"మాట తప్పినవాడి ఇంట్లో బ్యానర్ ఉండకూడదు. మన కట్టుబాటే అది. పెట్టింది నువ్వే."

"పెట్టింది నేనే. కుట్టింది మా ఆవిడ ఇర్మా, పెళ్ళినాటి దుప్పట్లు కోసి. పోయేముందు రోజు కూడా చిరుగులు చూసుకుంది. ఇస్తాలే. తొందరేముంది? శనివారం మ్యాచ్ టీవీలో చూశావా?"

"లేదు. ఆ... చూశాను. కొంచెం."

"లేదా, కొంచెమా?"

"కొంచెం చూశానన్నానుగా!"

"నేను మొత్తం చూశాను. చివర్లో మనవాళ్ళు గోల్ కొట్టారు చూడు, అప్పుడు కెమెరా స్టాండు మీదికి తిరిగింది. ఎన్ని ఖాళీ కుర్చీలురా, పళ్ళూడిన నోరులా ఉంది. ఉన్న ఆ నలుగురూ లేచారు. అందరి మొహాలూ మైదానం వైపే. ఒక్కడు మాత్రం వెనక్కి తిరిగాడు."

"ఎవరో పిలిచి ఉంటారు."

"వెనక్కి తిరిగి, మైదానానికి వీపు పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు. ఖాళీ కుర్చీల్ని పాడమన్నాడు."

"అంత దూరం నుంచి టీవీలో ఏం కనబడుతుంది? మాస్కులు కూడానూ. ఎవడైనా కావచ్చు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకు. నేనింకా పేరు చెప్పలేదు."

"నేనేం తడుముకోవట్లేదు!"

"గోల్ పడ్డ క్షణాన మైదానానికి వీపు తిప్పేవాడు ఈ భూమ్మీద ఇంకెవడున్నాడురా? స్టాండు ముందు కంచె మీదెక్కి, ఆటకి వీపు పెట్టి, మా మొహాలు చూస్తూ ముప్పై ఏళ్ళు మమ్మల్ని పాడించినవాడు తప్ప? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మూతికి గుడ్డ కట్టుకుని వెళ్ళావు. మూతి దాగింది, అలవాటు దాగలేదు."

"మెల్లగా, మెల్లగా. ఎదురింటి కిటికీ తెరిచారు."

"తెరవనీ. నువ్వేనా, కాదా?"

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను..."

"నువ్వేనా, కాదా?"

"నేనే."

"వినబడలేదు."

"నేనే! నేనే వెళ్ళాను. చాలా?"

"చాలదు. గేటు దగ్గర ఎవడూ చూడలేదా?"

"వాన కురుస్తోంది. కాగితం చూశారు గానీ మొహమెవరు చూస్తారు?"

"ఎందుకెళ్ళావు?"

"చెప్తే నవ్వుతావు."

"ఏడవాల్సినంత ఏడ్చేశాను. చెప్పు."

"మన మైదానంలో నేను ఒక్క గోల్ చూడలేదు బాబాయ్. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి. మీ మొహాలు వెలిగితే పడిందని తెలిసేది, మీరు తల పట్టుకుంటే పోయిందని తెలిసేది. ఎవడు కొట్టాడో, ఎలా కొట్టాడో ఇంటికెళ్ళి టీవీలో చూసుకునేవాణ్ణి. కంచె ఎక్కక్కర్లేని మ్యాచ్, పాడించక్కర్లేని మ్యాచ్ నాకు మళ్ళీ జన్మలో దొరకదు. ఒక్కసారి కుర్చీలో కూర్చుని మామూలు మనిషిలా చూద్దామనిపించింది. టికెట్ ఆఫీసు దాకా తీసుకెళ్ళిన మాట నిజం, ఒట్టు. గుమ్మంలో నిలబడ్డాను. మళ్ళీ జేబులో పెట్టుకుని వచ్చేశాను."

"నాకూ అదే కదరా అనిపించింది. ఒక్కసారి అని. నన్ను వద్దన్నావు. వద్దని చెప్పి, నా పేరు మీద, నా కుర్చీలో, నువ్వెళ్ళి కూర్చున్నావు."

"తప్పే."

"తప్పని అంత తేలిగ్గా అనకు. ఇంతకీ చూశావా?"

"ఏంటి?"

"గోల్."

"లేదు."

"ఏంటీ?"

"లేదు! బంతి అటు వెళుతోందని జనం అరిచారు, నా కాళ్ళు వాటంతటవే తిరిగిపోయాయి. వెనక కూర్చున్న ఎర్రటోపీ ఆయన కుర్చీలు దాటుకుంటూ వచ్చి నన్ను వాటేసుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి అంతా అయిపోయింది. నవ్వకు. బాబాయ్, నవ్వకు, దగ్గుతున్నావు. నీళ్ళు తాగు. నీళ్ళు తాగు ముందు."

"తాగాన్లే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా పని. నా చివరి మ్యాచ్ మింగావు. అదన్నా నీకు వంటబట్టలేదు."

"ఎన్నన్నా పడతాను. ఈ సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ."

"అంటే?"

"అంటే... నువ్వే వెళ్ళావనుకుంటే వాళ్ళకి కోపం ఎంతకాలం ఉంటుంది చెప్పు? ముసలాయన, ఆశపడ్డాడు పాపం అనుకుంటారు. క్రిస్మస్ నాటికి మర్చిపోతారు. నేనే నలుగురికీ చెప్పి నిన్ను మళ్ళీ తీసుకొస్తాను. అదే నేను వెళ్ళానని తెలిస్తే, కంచే చేను మేసిందంటారు. ఇంక ఎవడూ నా మాట మీద పాడడు. మన గుంపే మిగలదు."

"అంటే నీ దొంగతనం నన్ను నెత్తిన పెట్టుకుని పొమ్మంటావు."

"గుంపు కోసం బాబాయ్."

"గుంపు కోసం! మీ నాన్న గనిలో నా పక్కనే పోయాడు. నిన్ను చూసుకోమని నాకే చెప్పి పోయాడు. మొదటిసారి నీ నడుం పట్టుకుని ఆ కంచె ఎక్కించింది నేను. కన్నకొడుకు కన్నా ఎక్కువనుకున్నాను నిన్ను. కడుపు మండిపోతోందిరా నాకు. టికెట్ పోయినందుకు కాదు. నా పేరు చెప్పి వాళ్ళంతా చెయ్యెత్తుతుంటే, ముందు చెయ్యి నీదయ్యింది చూడు, అందుకు."

"తప్పే, తప్పే, వందసార్లు తప్పే. కానీ ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

"నిజంగా?"

"నేను నోరు విప్పను. ఇదిగో, తాడు కట్టి దించుతున్నాను, పట్టుకో. నేలకి తగలనియ్యకు, ఇర్మా చేతి కుట్టు."

"పట్టుకున్నాను. నువ్వు దేవుడివి బాబాయ్. తలుపు తియ్యి, ఒక్కసారి పైకొచ్చి నిన్ను పట్టుకుని..."

"రావద్దు! మెట్టు మీద కాలు కూడా పెట్టద్దు. ఇందాకటి నుంచీ ఎందుకు తియ్యట్లేదో ఇంకా తెలియలేదా నీకు?"

"కోపంతో."

"కోపమైతే పైకి రానిచ్చి రెండు తన్నేవాణ్ణి. పొద్దున ఆరోగ్యశాఖ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. శనివారం మీ వెనక కూర్చున్నతనికి కరోనా అని తేలింది, మీకెలా ఉంది అంది. టికెట్ మీద పేరు నాదేగా."

"వెనక... ఎర్రటోపీ ఆయనకా?"

"టోపీ రంగు నాకెలా తెలుస్తుంది, నేను వెళ్ళలేదుగా. ఆ కుర్చీలో ఉంది నేను కాదమ్మా అన్నాను. మరెవరు అంది. పేరు నేను చెప్పను, సాయంత్రం లోపు ఆ మనిషే నీకు చెప్తాడు అన్నాను. ఆమె నంబరు బ్యానర్ మడతలో పెట్టాను."

"నాకేం లేదు బాబాయ్, బానే ఉన్నాను. కాస్త గొంతు మంటగా ఉంది, అంతే. నిన్న పాడినందుకు."

"సెల్లార్‌లో పాడారా?"

"చివర్లో, ఎప్పట్లాగే. భుజాల మీద చేతులేసుకుని."

"గుడ్రున్ ఇవాళ పనిలోకి వెళ్ళిందా?"

"వెళ్ళింది... వృద్ధాశ్రమంలో పొద్దున డ్యూటీ దానిది. బాబాయ్..."

"మాస్కు పైకి లాక్కో. ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు శనివారం నుంచి ఎవరెవరి దగ్గర మసిలాడో వాళ్ళకి ఇవాళే చెప్పాలట. ఏ మ్యాచ్‌కి వెళ్ళాడో, ఎక్కడ అంటుకుని ఉంటుందో, దాచకుండా. అందుకే నేను చెప్పనన్నాను, చెప్పాల్సింది నువ్వు. నిన్న ఆ సెల్లార్‌లో ఎవరెవరున్నారన్నావు?"

"అందరూ."