పైగది తీగ

ముందుగది మూలన కంప్యూటరు బల్ల. దాని కింద దూరిన ఫోను మెకానిక్కువి పాదాలు తప్ప ఇంకేమీ బయట లేవు. పక్కన కుర్చీలో ఇంటావిడ.

“...అది కాదమ్మా, ఇంటర్నెట్ స్లో అంటే ఎంత స్లో?”

“ఒక్క పేజీ వెళ్ళేలోపల నేను గిన్నెలన్నీ తోముకుని రావచ్చు.”

“మొదట్లో తెరమీద స్పీడు ఎంత చూపించేది?”

“ముప్పై మూడు వేలు. ఇప్పుడు తొమ్మిది వేలు దాటితే గొప్ప. అదీ మధ్యలో తెగిపోతుంది.”

“రోజంతా తెగుతుందా?”

“రోజంతా కాదు. పదికీ పన్నెండుకీ మధ్యలో.”

“అంత కచ్చితంగానా? ఆదివారం?”

“ఆదివారం తెగదు.”

“అదీ! తీగకి ఆదివారం సెలవుంటుందేమిటమ్మా? ఇది లైను రోగం కాదు, మనిషి రోగం. ఇంట్లో ఇంకో ఫోనుందా?”

“...నేను పెట్టించింది ఇదొక్కటే.”

“ఇంట్లో ఇంకెవరుంటారు?”

“పిల్ల బడికెళ్తుంది. ఆయన తొమ్మిదింటికల్లా క్యారేజీ పట్టుకుని ఆఫీసుకెళ్తారు. ఇక నేనొక్కదాన్నే. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్ది పన్నెండులోపల ప్రెస్సుకి పంపాలి.”

“లేటయితే?”

“రెండుసార్లయింది. మూడోసారయితే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.”

“అమ్మో. ఏదీ, ఓసారి కలపండి.”

“ఇదుగో... మోడెం కూస్తోంది.”

“కూయనివ్వండి. కూయనివ్వండి... తొమ్మిదివేల ఆరొందలు. మోడెం మంచిదే పాపం. తీసేయండి, నా టెస్టు ఫోను పెడతాను... అబ్బబ్బా, ఏమిటీ గరగర! మూకుట్లో ఏదో వేపుతున్నట్టుంది. ఇదేమిటి, కిటికీ పక్కనుంచి ఇంకో తీగ పోతోంది?”

“...పోతోందా?”

“మేకులు కొట్టినవాడు మావాడు కాదు. కానీ ఎంత తిన్నగా కొట్టాడమ్మా! స్కేలు పెట్టి గీసినట్టు. పైకి పోతోంది. పైనేముంది?”

“పాత సామాన్ల గది. బయటనుంచి మెట్లున్నాయి. వెళ్ళండి. ...తలుపు తట్టి వెళ్ళండి.”

“సామాన్ల గదికి తలుపు తట్టడమెందుకమ్మా?”

“పావురాలుంటాయి. బెదురుతాయి.”

“మీరూ రండి, చూద్దురుగాని.”

“నాకు మోకాళ్ళ నొప్పి. మీరొక్కరే వెళ్ళండి. తొందరేం లేదు, నిదానంగా రండి.”

మేడమీద గది. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది.

“ఎవరండీ లోపల? గడియ వేసుకునే పావురాల్ని నేనెక్కడా చూళ్ళేదు.”

“ష్! మెల్లగా. దయచేసి, మెల్లగా. లోపలికి రండి.”

“ఎవరయ్యా నువ్వు? దొంగవా?”

“దొంగనైతే ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చుంటానా? ఈ ఇంటివాణ్ణే.”

“మీరు ఆఫీసుకెళ్ళారన్నారే అమ్మగారు?”

“వెళ్ళేవాణ్ణి. మూడు నెలల కిందటిదాకా.”

“అంటే?”

“డ్రాయింగులు గీసేవాణ్ణండీ. పంతొమ్మిదేళ్ళు. కంప్యూటర్లొచ్చాయి, నా బోర్డు మడిచి మెట్ల కింద పెట్టేశారు. నన్ను మడిచి పెట్టడానికి చోటు లేకపోయింది.”

“అమ్మగారికి చెప్పలేదా?”

“రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఇంకో ఉద్యోగం దొరికాక చెబితే నవ్వుతూ చెప్పొచ్చు కదా అనుకున్నాను. పొద్దున్నే సందు చివరిదాకా వెళ్తాను. తిరిగొచ్చి వెనకగోడ దగ్గర నిలబడతాను. మోడెం కూసిందంటే ఆవిడ కుర్చీలో కూర్చున్నట్టే. అప్పుడు మెట్లెక్కుతాను.”

“ఈ తీగ లాగింది మీరేనా?”

“ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళినప్పుడు.”

“ఈ ఫోను మోగకుండా గంటలో గుడ్డముక్క కుక్కారు. తెలివే. మరి కిటికీ బయట ఈ అతుకేమిటి సార్? దీనికి చుట్టిందేమిటి?”

“ప్లాస్టరు.”

“ప్లాస్టరా?”

“వేలు తెగితే వేసుకుంటామే, అది. నల్ల టేపు కొంటే దుకాణంవాడు ఎందుకని అడుగుతాడేమోనని...”

“టేపు కొనడానికి కూడా సిగ్గేనా?”

“ఉద్యోగం పోయాక అన్నిటికీ సిగ్గేనండీ. ఎవరైనా టైమెంతయిందని అడిగినా సిగ్గే.”

“వానకి నాని ముద్దయింది చూడండి. అందుకే కింద తొమ్మిది వేలు. సరే, అది వాన పాపం అనుకుందాం. ఆ తెగడం సంగతేమిటి? మీరు ఎత్తినప్పుడల్లా ఆవిడది తెగుతుందని తెలుసా?”

“నేనూ... ఆ ఫోను ఎప్పుడో గాని...”

“తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“తెలిసేనా?”

“ఎత్తగానే ఆ రొద వినిపిస్తుంది. ఆవిడ పని అయ్యేదాకా ఆగుదామనే అనుకుంటాను. కానీ ఆఫీసుల్లో పెద్దవాళ్ళు దొరికేది ఆ రెండు గంటలే. అందుకని... రిసీవరు కింద మీట టకటకా నొక్కేస్తాను. తెగుతుంది. కింద ఆవిడ కుర్చీ జరిగిన చప్పుడు వినబడుతుంది. విని కూడా నంబరు నొక్కుతాను.”

“వీధిలో ఫోను బూత్ లేదా?”

“ఉంది. బూతువాడు ఎదురింటావిడ తమ్ముడు.”

“సార్, ప్రెస్సుకి రెండుసార్లు లేటయిందట. మూడోసారయితే పని పోతుందట.”

“పోతుందా? ఆవిడది కూడానా?”

“నాకు చెప్పారే. మీకు చెప్పలేదా?”

“రోజూ ‘ఆఫీసులో ఎలా ఉంది’ అని అడుగుతుంది. ‘బాగానే ఉంది’ అంటాను. ‘నీ పని?’ అంటాను. ‘బాగానే ఉంది’ అంటుంది. ...ఛీ. మూడు నెలలుగా నేను తింటున్నది ఆవిడ పని మీద. ఆ పనినే రోజూ నా చేత్తో తెంపుతున్నాను.”

“కూర్చోండి సార్. ముందు కూర్చోండి. కాసిని నీళ్ళు తాగండి.”

“నీళ్ళు అయిపోయాయి. కిందికెళ్ళి పట్టుకోవాలంటే సాయంత్రం అవ్వాలి.”

“నా సీసా తీసుకోండి. ...తీగ మాత్రం తీసేయక తప్పదు.”

“తీసేయండి. తీసేయండి. ఇప్పుడే తీసేయండి. ...రేపొక్కరోజు ఉంచడానికి వీలవదా?”

“రేపేముంది?”

“పాత భవనాలకి ప్లాన్లు గీయాలట. చేత్తో గీసేవాళ్ళే కావాలట. నిన్న మాట మధ్యలో ‘ఏం వినబడట్లేదు, రేపు కాక ఎల్లుండి పదకొండింటికి చెయ్యి’ అని పెట్టేశారు. అంటే రేపే.”

“నిన్నొక్కరోజేనా, రోజూ ఇంతేనా?”

“అందరూ ‘గట్టిగా మాట్లాడండి’ అంటారు. ఇంట్లో దాక్కున్నవాడు గట్టిగా ఎలా మాట్లాడతాడు? పైగా ఈ ఫోనుకి ఇంకో జబ్బుంది. మొదలుపెట్టిన కాసేపటికి టిక్కుమంటుంది. అక్కణ్ణించి గొంతు సగమైపోతుంది.”

“టిక్కుమంటుందా? ప్రతిసారీనా?”

“రెండు నెలలనుంచీ ప్రతిసారీ. ఏమిటది?”

“...ఏం లేదు సార్. వాన.”

“తెంపేశారా?”

“తెంపేశాను.”

“మంచిపని చేశారు. ఆవిడకి మాత్రం చెప్పకండి.”

“నేను చెప్పను. మీరు చెప్పేదాకా నేను చెప్పను.”

మెట్ల కింద ఇంటావిడ నిలబడి ఉంది.

“దొరికిందా?”

“దొరికిందమ్మా. ఎలుక.”

“ఎలుకా?”

“ఎప్పుడో ఎవరో వేసిన పాత తీగ. కొరికి పెట్టింది. తెంపేశాను. ఇప్పుడు కలిపి చూడండి, ముప్పై మూడు వేలు రాకపోతే అడగండి.”

“తెంపేశారా?”

“తెంపితేనే కదమ్మా మీ స్పీడు...”

“కంప్లైంటులో స్పీడు అని రాయించాను. స్పీడు కోసం పిలవలేదు మిమ్మల్ని.”

“మరి మోకాళ్ళ నొప్పన్నారు, మెట్ల దాకా వచ్చేశారు?”

“మెల్లగా మాట్లాడండి, పైన కిటికీ తెరిచి ఉంటుంది. ...మోడెం తెగినప్పుడు లైను వచ్చిందో లేదో చూద్దామని రిసీవరు ఎత్తాను ఓరోజు. ఆయన గొంతు. ‘సార్, పంతొమ్మిదేళ్ళ అనుభవం సార్’ అంటున్నారు. అంత చిన్న గొంతుతో ఆయన ఎవరితోనూ మాట్లాడగా వినలేదు నేను. వెంటనే పెట్టేయాలి. పెట్టలేకపోయాను.”

“ఆ రోజునుంచీ...?”

“రోజూ ఎత్తుతున్నాను. రెండు నెలలు. మొగుడి మాటలు దొంగచాటుగా వినే ఆడదాన్నయ్యాను. సిగ్గుతో చస్తున్నాను, అయినా ఎత్తుతున్నాను. ఈమధ్య అందరూ వినబడట్లేదని పెట్టేస్తున్నారు ఆయన ఫోను. లైను బాగుచేయిస్తే ఆయన మాట వాళ్ళకి అందుతుందని మిమ్మల్ని పిలిచాను.”

“అమ్మా... ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఒకే లైను మీద రెండు ఫోన్లు ఎత్తితే గొంతు సగమవుతుంది.”

“అంటే?”

“ఇక్కడ మీరు ఎత్తగానే అక్కడ టిక్కుమంటుంది.”

“...నా వల్లా? నేను విన్నందువల్లా?”

“సగం వాన వల్ల.”

“అయ్యో.”

“‘నాకు తెలుసు’ అని మీరే ఆయనతో ఒక్కమాట అనెయ్యరాదామ్మా?”

“నేనంటే ఇంక తల ఎత్తరు. ఆయనే చెప్పాలి. చెప్పేదాకా రోజూ క్యారేజీ కడతాను.”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“మళ్ళీ పైకెళ్ళండి. ఏదో ఒకటి చెప్పి ఆ తీగ మళ్ళీ కలపండి, మంచి టేపు చుట్టి. రేపు ప్రూఫులు పట్టుకుని పదింటికే నేను ప్రెస్సుకి పోతాను, ఆ సంగతి రాత్రే ఆయన చెవిన వేస్తాను. మోడెం కూయదు, ఈ రిసీవరు ఎవరూ ఎత్తరు. పదకొండింటికి ఆయన గొంతు అవతలివాళ్ళకి నిండుగా వినబడాలి.”