ఐస్‌కు గడియారం రాదు

మందుల షాపు కౌంటరు మీద, ఇంజెక్షన్లు సర్దిన ఐస్ డబ్బా పక్కన విమానం టికెట్ పెట్టి ఆమె షాపతన్ని అడిగింది.

"ఈ ఐస్ పన్నెండు గంటలే ఆగుతుందన్నారు. ఉదయం తొమ్మిదికి ఎక్కితే అక్కడ దిగేది సాయంత్రం ఐదున్నరకు. ఎనిమిదిన్నర గంటలు! ఎయిర్‌పోర్టులో మూడు, దిగాక దారిలో ఒకటి. మా చెల్లికి చేరేసరికి మందు పాడైపోదూ?"

"అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందమ్మా. గాల్లో ఉండేది ఆరు గంటలే."

"మరి ఐస్?"

"దానికి గడియారం చూడ్డం రాదు. మొత్తం పది గంటల్లో చెల్లి ఇంట్లో ఉంటారు."

"హమ్మయ్య! నిన్నటి నుంచి అన్నం సహించలేదండీ. మా ఆయన మూడుసార్లు లెక్కేశారు. లెక్కల మాస్టారు కూడాను!"

"ఆయన లెక్క ఒప్పేనమ్మా. గడియారాలే రెండు."

"ఆ మాట ఇంట్లో చెప్పను లెండి. ఒక్కసారైనా ఆయన లెక్క తప్పనివ్వండి."