పొగ కనిపించేదాకా సంతకం పెట్టని మాకట్లెహో గారు

1989 ఆగస్టు పద్నాలుగో తేదీన శ్రీమతి మాకట్లెహో ఫాఫోలి గారు మసేరులోని మన కొండప్రాంత వైద్య విమాన సేవలో పరికరాల నిపుణురాలిగా చేరారు. విమానంలోని కొలపరికరాలను విప్పి, తుడిచి, సరిచూసి, పైలట్‌కు అప్పగించే ముందు పుస్తకంలో సంతకం చేయడం ఆవిడ బాధ్యత. ఇవాళ పదవీ విరమణ చేసేదాకా, ఈ ముప్పై ఐదేళ్ళలో ఆ ఉద్యోగం పేరు నాలుగుసార్లు మారింది. ఆ సంతకం విలువ మారలేదు.

2003లో ఆవిడ ప్రధాన పరిశీలకురాలయ్యారు. తరువాత రెండేళ్ళకు నేను భూగోళం చెప్పే బడి వదిలి, పైలట్లకు పాఠాలు చెప్పడానికి ఇక్కడికి వచ్చాను. నా తమ్ముడు త్సెదిసో ఇక్కడే విమానం నడిపేవాడు. 2018లో ఒక కనుమలో మబ్బు కమ్మినప్పుడు, వేగమూ ఎత్తూ చూడటానికి అతడు తల దించిన రెండు మూడు క్షణాల్లోనే కొండ ఎదురైందని విచారణలో తేలింది. దాని గురించి ఇంతకంటే రాయను.

తల దించే పని లేకుండా ఆ అంకెలను కళ్ళద్దాల్లోనే, ఎదుటి ఆకాశం మీద రాసినట్టు చూపించే పరికరం ఉందని తెలిసినప్పుడు, అది మనకు కావాలని అందరికంటే ముందు అడిగింది మాకట్లెహో గారే. 2021లో ఆ అద్దాలు వచ్చాయి. వేగం, ఎత్తు, దిక్కు, ఇంధనం, కొండల అంచులు, దిగే బాట చుట్టూ ఆకుపచ్చ గీతలు, ఇంకా ఎన్నో. వాటిలో ఒక్కటి తీసెయ్యడానికి కూడా మనలో ఎవరికీ మనసొప్పలేదు. మనం చేసిన తప్పు అదే.

కొండల్లోని హా రాపొకొలె అనే ఊళ్ళో విమానం చప్పుడు వినగానే క్లినిక్ నర్సమ్మ తడి పిడకలు రాజేస్తుంది. ఆ పొగ వాలును బట్టి ఏ వైపు నుంచి దిగాలో మన పైలట్లు నిర్ణయిస్తారు. ఆ జూన్‌లో కెప్టెన్ లెబూసా గారు రోగులెవరూ లేని పరీక్షా ప్రయాణంలో అద్దాలు పెట్టుకుని అక్కడికి వెళ్ళారు. పొగ లేచింది, ఆకుపచ్చ గీతల వెనక అది ఆయనకు కనిపించలేదు. వెనకగాలితో దిగిన విమానం లోయ అంచుకు పది అడుగుల ఇవతల ఆగింది.

"నర్సమ్మ పొగ పెట్టలేదేమో అనుకున్నా," అన్నారాయన తిరిగొచ్చాక.

"పెట్టింది. ఆ తర్వాత నీకు శాపనార్థాలు కూడా పెట్టిందట," అన్నారు మాకట్లెహో గారు.

మరునాడు ఆవిడ ఆ అద్దాలకు సంతకం పెట్టనన్నారు. సంతకం లేనిదే రోగుల కోసం వెళ్ళే విమానంలో అవి వాడకూడదు.

"నెలాఖరుకి సంతకం పడాలి మ్మే. లేకపోతే ఇంకొకరిచేత పెట్టించి, మిమ్మల్ని గోదాముకి పంపాల్సొస్తుంది," అన్నారు అప్పటి డైరెక్టర్, అమ్మా అని పిలిచే మర్యాద తప్పకుండానే.

"పెట్టించండి న్తాతే. మొదటి ప్రయాణంలో మాత్రం పక్క సీట్లో మీరే కూర్చోండి," అన్నారావిడ, అయ్యా అని పిలిచే అదే మర్యాదతో.

ఆ సాయంత్రం నేనూ ఆవిడ గదికి వెళ్ళాను. "త్సెదిసో తల దించి పోయాడు. మీరింకా ఆలస్యం చేస్తారా?" అన్నాను.

ఆవిడ స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టారు. "తల దించి ఒకడు పోయాడు, నిజమే నాయనా. తలెత్తుకునే ఉండి కూడా బయట ఏమీ చూడలేకుండా ఇంకొకణ్ణి పంపమంటావా, చెప్పు?"



నెలాఖరుకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. కానీ ఆవిడ బదులు సంతకం పెట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. గోదాములో టైర్ల మధ్య కూర్చుని, మార్పు కుదరదన్న తయారీదారులకు ఆవిడ ఉత్తరం మీద ఉత్తరం రాసి చివరకు ఒప్పించారు. విమానమెక్కితే వాంతులయ్యే మనిషి, సంచి ఒళ్ళో పెట్టుకుని, నలభై ఒక్క పరీక్షా ప్రయాణాల్లో లెబూసా గారి పక్కన కూర్చున్నారు. దిగిన ప్రతిసారీ అద్దాల్లో కనిపించేవాటి జాబితాలో ఒకటి కొట్టేసేవారు.

"అన్నీ పీకేస్తే ఇక మిగిలేదేంటి మ్మే?" అన్నారు లెబూసా గారు ఒకసారి.

"ఆకాశం మిగుల్తుంది. అదైనా చూడు."

చివరకు పై అంచున మూడు అంకెలు మిగిలాయి. నేలను చూసే భాగమంతా ఖాళీ. 2022 మార్చిలో హా రాపొకొలె మీద నుంచి లెబూసా గారు రేడియోలో, "పొగ ఎడమకి వాలింది, అవతలి వైపు నుంచి దిగుతున్నా," అన్నారు. ఆ మధ్యాహ్నమే మాకట్లెహో గారు సంతకం పెట్టారు. మరుసటి వారం ఆవిడ గది ఆవిడకు తిరిగి వచ్చింది.

మాకట్లెహో గారూ, నా తమ్ముడికి ఆ అద్దాలు అందలేదు. ఇవాళ అవి పెట్టుకుని ఇంటికి చేరుతున్న పదకొండు మంది పైలట్లకీ, మీరు పెట్టిన సంతకంతో పాటు, తొమ్మిది నెలలు పెట్టకుండా ఆపిన సంతకమూ తోడుగా ఉంది. మీరు ఆయురారోగ్యాలతో, మీ వారితో, మనవలతో చిరకాలం ఉండాలి. ఇకమీద ఇంటిపైన విమానం చప్పుడు వినిపిస్తే, అందులో ఎవరున్నారో అని లేచి చూడనక్కరలేకుండా, చేతిలోని టీ వేడిగా తాగేంత నిశ్చింత మీకు కలగాలి.

— సెఖోబె రాంఖెలె, పైలట్ల శిక్షణ విభాగం