వానాకాలం దాటాకే మార్కులు

రామ్మా ప్రశాంతీ, ఆ కుర్చీ ఫ్యాను కిందకి లాక్కో. ఏంటి, మీ మేడం పాఠం ఎలా చెప్పేదనా? నీకు తెలియందా, ఆవిడ దగ్గర చదువుకున్నదానివేగా! ఓహో, కాలేజీలో ఇప్పుడా సబ్జెక్టు నీకిచ్చారా? సుస్థిరాభివృద్ధి, సామాజిక బాధ్యత... పేరు బాగానే పెట్టారు. మా ఝాన్సీ పాఠానికి పేరూ గీరూ లేదమ్మా, సివిలింజనీరింగు పిల్లల్ని బస్సెక్కించి అడవులదీవి తీసుకుపోవడమే. అడవులదీవంటే గుర్తొచ్చింది, అక్కడ ఒకావిడ చేపల పులుసు పెట్టేది చూడూ... సర్లే, అది తర్వాత. అక్కడ బళ్ళో మీ బ్యాచి ఇసక ఫిల్టరు కట్టింది కదా, కాలవ నీళ్ళు వడగట్టడానికి. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు, లడ్డూలు తిన్నారు. ఈవిడ మార్కులు మాత్రం వెయ్యదే! "ఒక్క వానాకాలం దాటనీండి, మళ్ళీ వెళ్ళి ఆ నీళ్ళు నేను తాగి, అప్పుడేస్తాను" అంది. మీ ఫ్రాన్సిస్ లేడూ, ఈ వరండాలోనే నిలబడి ఒకటే గోల. "అన్ని బ్యాచీలకీ పడ్డాయండి, మాకే ఎందుకండి మేడం?" అని. "కట్టడం నేర్చుకున్నారు బాబూ, చూసుకోవడం నేర్చుకోవద్దూ?" అంది. మీ తల్లిదండ్రులంతా కట్టగట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళారు. మార్కులూ పడ్డాయి, సబ్జెక్టూ ఈవిడ చేతిలోంచి పోయింది.

ఊరుకుంటుందా! నెలకో ఆదివారం నన్ను బయల్దేరదీసేది. తెనాల్లో రేపల్లె రైలెక్కడం, అక్కణ్ణుంచి ఆటో. ముందు గ్లాసుడు నీళ్ళు తాగి, "ఈ నెల పాసండీ" అనేది నాతో. తర్వాత పైన పాకుడు పట్టిన ఇసక తీసి కడగడం. నేను బ్యాంకువాణ్ణి, నాకేం తెలుసు, బకెట్టు అందించేవాణ్ణి. ఆవిడ పోయాక మానేద్దామనే అనుకున్నా. కానీ ఆదివారం వస్తే ఇంట్లో ఉండలేను తల్లీ. నేనొక్కణ్ణే వెళ్తున్నా. రైల్లో నా పక్క సీట్లో ఎవరు కూర్చున్నా కోపమొస్తుంది, పాపం వాళ్ళ తప్పేముంది. వెళ్తాను, నీళ్ళు తాగుతాను. పాసైందని ఎవరికి చెప్పను?

మొన్న బకెట్టు ఎత్తబోతే నడుం పట్టేసింది. డాక్టరు బరువులొద్దన్నాడు. ఇసక కడక్కపోతే నీళ్ళు దిగవు, పిల్లలు మళ్ళీ కాలవలో ముంచుకు తాగుతారు. ఈ ఆదివారం వస్తావామ్మా? నీ స్టూడెంట్లు వద్దులే, నువ్వొక్కదానివే. మీరు కట్టిందేగా... ఏంటీ? కాలేజీకి తనిఖీవాళ్ళు వస్తున్నారా? ఈ సబ్జెక్టు మీదే స్లైడ్లు చెయ్యాలా? అవునవును, చెయ్యాలి మరి. ఉద్యోగం కదా.

ఊఁ...

అన్నట్టు, మీ నాన్నగారికి కంటి ఆపరేషన్ అయిందా?